టేపు చుట్టిన ఫోను

"ఇది ఫోనా, కట్టు కట్టిన బొటనవేలా?"

ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట ఇదే. రండి లేదు, కూర్చోండి లేదు. నా ఫోన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, టేబుల్ లైటు కిందకి తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి చూసి మరీ అంది.

నా చొక్కా ఇంకా తడిగానే ఉంది. జుట్టులోంచి నీళ్ళు మెడ మీదకి కారుతున్నాయి. అడుగు తీసి అడుగు వేస్తే బూట్లలోంచి బుడబుడమని చప్పుడు. అలాంటి అవతారంలో ఉన్నవాణ్ణి చూస్తే ఎవరైనా ముందు ఓ తువ్వాలు ఇస్తారు. ఈవిడ ప్రశ్నలు వేస్తోంది.

"టెఫ్లాన్ టేపండీ. లీకు కాకుండా చుట్టాను," అన్నాను.

"నీళ్ళలో పడకముందు చుట్టారా, పడ్డాకా?"

"పడ్డాక."

"అంటే, లోపలికి పోయిన నీళ్ళు ఒక్క చుక్క కూడా బయటికి రాకుండా సీలు వేశారన్నమాట."

నిజమే మరి. అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు.

"నేను ప్లంబర్నండీ," అన్నాను, అదే సంజాయిషీ అన్నట్టు.

"తెలుస్తూనే ఉంది. ఇంకేమైనా చేశారా దీన్ని?"

"కొంచెం గాలి కొట్టాను."

"నోటితోనా?"

"పంపుతో. బ్లాకైన లైన్లు క్లియర్ చేసే పంపు ఉంటుంది కదండీ, దాంతో. చార్జింగ్ పెట్టే కన్నంలోంచి."

ఆమె కళ్ళు మూసుకుంది. కాసేపటికి తెరిచింది.

"ఇంతకీ మీరు ఫోన్ని కాపాడారా, దాని మీద పగ తీర్చుకున్నారా?"

కౌంటర్ దగ్గర ఫోన్ కవర్లు సర్దుతున్న పెద్దాయన కిసుక్కున నవ్వాడు. ఆయన వాళ్ళ నాన్న. ఆ షాపులో ముందు భాగం ఆయనది: కవర్లు, చార్జర్లు, ఇయర్‌ఫోన్లు. తెర వెనక భాగం ఆమెది. షాపులోకి అడుగు పెట్టగానే నాకు ముందు కనబడింది ఆయనే. "బాబాయ్ గారూ, ఫోన్ డాక్టర్ ఉన్నారా?" అని అడిగాను. వీధిలో అందరూ అలాగే చెప్పారు మరి. ఏ మందపాటి కళ్ళజోడు మనిషో అనుకున్నాను. "అమ్మాయ్, పేషెంటు!" అని ఆయన కేకేశాడు. తెర జరిగింది. నుదుటి మీద భూతద్దం, చెవి వెనక పెన్సిల్లా పెట్టుకున్న చిన్న బ్రష్షు, మొహం మీద ఎవరి పొరపాటునో పట్టుకోబోతున్న చూపు. ఆ క్షణం నుంచి ఆయన్ని బాబాయ్ అనడం మానేసి అంకుల్ అనడం మొదలుపెట్టాను. బాబాయ్ కూతురు మనకి వరసకి ఏమవుతుందో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఎంత తడిసినా నాకా మాత్రం తెలివి ఉంది.

అసలు సంగతి చెప్పాలి. పక్క వీధిలో కాన్పుల ఆసుపత్రి ఉంది. దాని పై అంతస్తులో కొత్త వార్డు కట్టారు. తల్లుల గదులు, పసిపిల్లలకి స్నానాలు చేయించే గది, అన్నిటికీ నీళ్ళ లైన్లు వేసింది నేనే. ఎవరి కిందో హెల్పర్‌గా కాదు, సొంతంగా. నాకు దొరికిన మొట్టమొదటి పెద్ద పని.

నాకో అలవాటుంది. గోడలో పైపు వేశాక, మేస్త్రి సిమెంటు పూసి మూసేసే ముందు, ప్రతి గోడకీ ఫోటో తీస్తాను. కొలత టేపు పక్కన ఆనించి మరీ తీస్తాను. నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం, అంతా కనబడాలి. దాని మీద టైల్సు వచ్చేశాక లోపల ఏముందో దేవుడికీ నా ఫోన్‌కీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఎల్లుండి పొద్దున్న కార్పెంటర్ వస్తాడు. ఆ గోడలకి డ్రిల్లు వేసి అరలూ అల్మారాలూ బిగిస్తాడు. మామూలుగా అయితే ట్యాపు ఎక్కడుంటే దానికి సూటిగా పైన పైపు ఉంటుంది, ఎవరైనా ఊహించగలరు. ఇక్కడ బీములు అడ్డొచ్చి లైన్లని ఎక్కడెక్కడో పక్కకి తిప్పాను. డ్రిల్లు ఒక్క పైపులో దిగిందంటే అయిపోయినట్టే. కొత్త టైల్సు పగలగొట్టాలి, ఓపెనింగ్ ఆగిపోతుంది, కింది అంతస్తు పని కూడా నాకే ఇస్తానన్న మేనేజర్ మేడమ్ నన్ను గేటు బయటే నిలబెడుతుంది. "పైపులెక్కడున్నాయో కాగితం మీద గీసివ్వు బాబూ" అని ఆవిడ మొదట్లోనే అడిగింది. "ఎందుకు మేడమ్, అన్నీ ఫోన్లో ఉన్నాయి" అన్నాను, పెద్ద మొనగాడిలా.

ఆ ఫోనే ఈ పూట ఓవర్‌హెడ్ ట్యాంకులో పడింది. ట్యాంకు నిండాక నీళ్ళు ఆగుతున్నాయో లేదో చూద్దామని టార్చి వేసి వంగాను. చేతిలోంచి జారింది. అడుగున పడి కూడా పాపం వెలుగుతూనే ఉంది. చొక్కాతో సహా దూకేశాను. ఆ దూకుడు సంగతి మాత్రం ఆమెకి చెప్పాను.

"క్లౌడ్‌లో బ్యాకప్ లేదా?" అని అడిగింది ఆమె, టేపు విప్పుతూ. ఎంత విప్పినా తరగడం లేదు.

"మబ్బుల్ని నమ్మనండీ. నీళ్ళ పనివాణ్ణి."

ఆమె నవ్వలేదు. ఫోన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "బ్లీచింగ్ పౌడర్. ట్యాంకు కొత్తగా కడిగారు. మామూలు నీళ్ళ కంటే తొందరగా తినేస్తుంది. సరే, ఒక్కటి చెప్పండి. ఫోన్ కావాలా, లోపలున్నవి కావాలా?"

"ఫోటోలు. ఫోటోలుంటే చాలు, ఇంకేం పోయినా పర్లేదు. ఎల్లుండి పొద్దున్నకి అవి నా చేతిలో లేకపోతే నా బతుకు బస్టాండేనండీ. అవి ఏంటంటే..."

"ఆగండి." చెయ్యి అడ్డం పెట్టింది. "ఎవరి ఫోటోలు, ఏం ఫోటోలు అని నేను ఎవర్నీ అడగను. ఎవరైనా చెప్పబోయినా విననూ. అది ఈ షాపు పద్ధతి."

"అది కాదండీ..."

"అర్థమైంది," అంది. మొహంలో అప్పటిదాకా ఉన్న అల్లరి కాస్తా పోయింది. ఏం అర్థమైందో నాకు మాత్రం అర్థం కాలేదు.

"రేపు రండి."

"ఇక్కడే కూర్చోవచ్చా?"

"ఫోన్‌కి అటెండెంట్ అక్కర్లేదు."

"కూర్చోనీయవే, పాపం తడిసి ముద్దయ్యాడు," అని వాళ్ళ నాన్న నాకో తువ్వాలు విసిరాడు. ఆ ఇంట్లో మంచితనం మొత్తం ఆయన వాటాకే వచ్చిందని అప్పుడు అనుకున్నాను.

తెర ఇవతల స్టూలు మీద కూర్చుని లోపలికి చూస్తూ ఉండిపోయాను. ఆమె ఫోన్ వెనక మూత వేడి చేసి తెరిచింది. బ్యాటరీ తీసి పక్కన పెట్టింది. గోరంత స్క్రూలు ఒక్కొక్కటీ తీస్తూ, ఏది ఎక్కడిదో గుర్తుండేలా అయస్కాంతం బిళ్ళ మీద వరసగా పేర్చింది. ఆ వేళ్ళు ఎక్కడా తొందరపడవు, ఎక్కడా ఆగవు. పని తెలిసిన చేతులు ఎవరివైనా నాకు ముచ్చటేస్తుంది. ఇక్కడ చేతులతో పాటు మనిషి కూడా ముచ్చటగా ఉండటం నా తప్పు కాదు.

ఇంతలో నా చెవిన పడింది. టప్... టప్... టప్. ఆమె బల్ల పక్కన చిన్న సింకు, దానికో ట్యాపు. కారుతోంది.

నేను ఓర్చుకున్నాను. చాలాసేపు ఓర్చుకున్నాను. ఇక నా వల్ల కాలేదు. బ్యాగులోంచి పానా తీసి, చప్పుడు కాకుండా లోపలికెళ్ళి, ట్యాపు విప్పి, అరిగిపోయిన వాషర్ మార్చి బిగించేశాను.

"ఎవరు చెయ్యమన్నారు?" తల ఎత్తకుండానే అడిగింది.

"కారుతుంటే చూస్తూ కూర్చోలేనండీ. రోగం అనుకోండి."

ఆమె చెవి రిక్కించి వింది. గది నిశ్శబ్దంగా ఉంది.

"చిన్నప్పటి నుంచీ ఆ చప్పుడు మధ్యే పని నేర్చుకున్నాను. ఇప్పుడు ఏదోలా ఉంది," అంది.

"మళ్ళీ కొంచెం లూజు చెయ్యమంటారా?"

అప్పుడు నవ్వింది. తల వెనక్కి వాల్చి, భూతద్దం నుదుటి మీదకి జారిపోయేలా నవ్వింది. ఆ నవ్వు కోసం నేను ఇంకో ట్యాంకులోనైనా దూకగలను అనిపించింది. వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు మొహం బిగించేసి, "ఇక వెళ్ళిరండి," అంది.

మర్నాడు పొద్దున్నే మొదలైన వాన. షాపు ముందుకి వెళ్ళాను, "ఇంకా కాలేదు" అన్నారు. టీ తాగి మళ్ళీ వెళ్ళాను, "ఇప్పుడేగా వెళ్ళావు" అన్నారు. వాన ఎక్కువైందన్న వంకతో మళ్ళీ వెళ్ళాను.

"బాబూ," అన్నాడు వాళ్ళ నాన్న, "ఇక్కడో కుర్చీ వేయించమంటావా, నీ పేరు రాసి?"

"ఫోన్ గురించేనండీ, అంకుల్."

"అవునవును. ఫోన్ గురించే." ఆయన కవర్ల మీద దుమ్ము దులుపుకుంటూ గొంతు తగ్గించాడు. "మా అమ్మాయి నిన్నటి నుంచి చిరాగ్గా ఉంది. నువ్వేమైనా అన్నావా?"

"నేనా? ట్యాపు బాగుచేశాను."

"అంతేనా?"

"అంతే."

తెర వెనక నుంచి కేక వినబడింది. "ఆయన వచ్చారా? లోపలికి రమ్మను. ఊపిరి మాత్రం అటు తిరిగి వదలమను, బోర్డు మీద పడకుండా."

వెళ్ళాను. నా ఫోన్లోని ఆకుపచ్చ బోర్డు మైక్రోస్కోప్ కింద పడుకుని ఉంది. మందు నీళ్ళలో కడిగి, బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టిందట.

"చూడండి," అని పక్కకి జరిగింది. కన్ను ఆనించాను. చిన్న చిన్న పెట్టెల మధ్య ఒక చోట పచ్చగా, పొట్టులాగా ఏదో పేరుకుని ఉంది.

"చిలుము!" అన్నాను, ఊరు కాని ఊళ్ళో మనవాళ్ళు కనబడ్డంత సంతోషంగా. "ఇది నాకు తెలుసండీ! మా పైపుల్లో కూడా..."

"మీ పంపు పుణ్యమే. ఊరికే వదిలేసి ఉంటే నీళ్ళు పైపైనే ఉండేవి. మీరు గాలి కొట్టి చిప్పుల కిందకి తోసేశారు." ఆమె కుర్చీలో కూర్చుని భూతద్దం దించుకుంది. "అయినా, ట్యాంకులో దూకారంటే... చాలా అదృష్టవంతురాలు లెండి."

"ఎవరు?"

"ఎవరో ఒకరు. నేను అడగనుగా."

ఎవరి గురించో అర్థం కాక నేను బుర్ర గోక్కున్నాను. ఆమె పచ్చదనం ఉన్న ముక్కని పీకేసి, పాత బోర్డు ఒకదానిలోంచి అలాంటిదే తీసి అతికించింది. చీమ కాలు విరిగితే కట్టు కట్టేంత పని. అది అయ్యేదాకా నేను నిజంగానే ఊపిరి అటు తిరిగి వదిలాను.

తర్వాత రెండు వైర్లు తగిలించి ఒక పెట్టె స్విచ్చి వేసింది. పెట్టె మీద అంకెలు కదిలాయి. "లేచింది," అంది.

"మరి స్క్రీన్ నల్లగానే ఉందే?"

"స్క్రీన్ పోయింది. బ్యాటరీ కూడా పోయింది. బ్యాటరీ బదులు ఈ పెట్టె సరిపోతుంది. స్క్రీనే..." డ్రాయర్లు వెతికింది. పెట్టెలు వెతికింది. ఆ మోడల్ పాతదట, ఎక్కడా దొరకడం లేదట. కాసేపు బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చుంది. తర్వాత జేబులోంచి తన ఫోన్ తీసింది. చూస్తే నాదీ ఆమెదీ ఒకటే మోడల్.

"అదేంటండీ, మీ ఫోనెందుకు విప్పుతున్నారు?"

"మీరు నిన్న అన్న ఎల్లుండి అంటే రేపేగా? మాట్లాడకండి."

తెర అవతల వాళ్ళ నాన్న గట్టిగా దగ్గాడు. ఆమె వినిపించుకోలేదు. తన ఫోన్ స్క్రీన్ ఊడదీసి నా బోర్డుకి తగిలించింది. వెలుగు వచ్చింది. ఆ వెలుగులో ఆమె మొహం చూసి ఫోన్ సంగతి ఒక్క నిమిషం మర్చిపోయాను.

"తీసుకోండి," అని స్క్రీన్ నా వైపు తిప్పి తను గోడ వైపు తిరిగింది. "గ్యాలరీ మీరే తెరుచుకోండి. నేను చూడను. మీ... ఆవిడ ఫోటోలన్నీ ఉన్నాయో లేదో సరిచూసుకోండి."

"ఆవిడెవరు?"

"నాకెందుకు చెప్తున్నారు? ఎవరి కోసం ట్యాంకులో దూకారో ఆవిడ."

అప్పుడు వెలిగింది నా బుర్ర. నవ్వాపుకుని, "మీరే చూడండి. మీ మొహమాటం పాడుగానూ. మొదటి ఫోటో నుంచి చూడండి," అన్నాను.

ఓరగా చూసింది. పైపు. వేలితో జరిపింది. ఇంకో పైపు, పక్కన కొలత టేపు. జరిపింది. మూల మలుపు దగ్గర పైపు. జరిపింది. బీము కింద నుంచి చుట్టు తిరిగి వెళ్తున్న పైపు. అలా జరుపుతూనే ఉంది. వందల ఫోటోలు. మనుషుల్లేరు. ఒక్కచోట మాత్రం నా బొటనవేలు పడింది.

"ఇవా?" అంది.

"ఇవే. రేపు ఆ గోడలకి డ్రిల్లు వేస్తారు. ఇవి లేకపోతే పైపులు పగులుతాయి. నా మొదటి పని పోతుంది. నిన్న ఇదే చెప్పబోయాను, మీరు చెప్పనిస్తేగా!"

ఆమె బల్ల మీద తల పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు అదిరిపోయేలా నవ్వింది. వాళ్ళ నాన్న తెర తొలగించి, "ఏమైందే?" అంటే, "పైపులు నాన్నా, అన్నీ పైపులే!" అని కళ్ళు తుడుచుకుంది. పైపులు చూసి అంత సంబరపడ్డ మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

సాయంత్రం మళ్ళీ వెళ్ళేసరికి ఆమె చాలా సీరియస్‌గా ఉంది. నా వైపు చూడకుండా, వైర్లు చుట్టుకుంటూ చెప్పింది.

"ఒక చిక్కుంది. ఫోటోలు బయటికి తీయడం కుదరదు. చార్జింగ్ పోర్టు పాడైంది. వైఫై చచ్చిపోయింది. స్క్రీన్ మీద చూడటమే."

"మరి ఆసుపత్రికి ఎలా తీసుకెళ్ళాలి?"

"ఈ పెట్టె, వైర్లు, అన్నీ ఉండాలి. ఎవరు పడితే వాళ్ళు పట్టుకుంటే షార్ట్ అవుతుంది." ఊపిరి పీల్చుకుంది. "నేను రావాలి."

"అయ్యో, మీకు శ్రమ కదండీ. ఇంకో ఫోన్‌తో ఈ స్క్రీన్‌ని ఫోటోలు తీసుకోనా?"

"అంకెలు కనబడవు! మెరుపు పడుతుంది!" అంత గట్టిగా ఎందుకు అరిచిందో తెలియలేదు. కౌంటర్ దగ్గర ఆయన ఈసారి దగ్గలేదు కానీ, ఒకే కవర్ని పదేపదే తుడుస్తున్నాడు.

మర్నాడు పొద్దున్న వార్డులోకి అడుగు పెట్టాం. నా చేతిలో పెట్టె, ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఆమె రెండు చేతుల్లో మెత్తటి గుడ్డ మీద పడుకోబెట్టిన ఫోను. మెట్ల మీద ఎదురైన నర్సు ఆగి తొంగి చూసింది.

"పాపా, బాబా?"

"పైపులండీ," అంది ఆమె. నర్సు ఏమీ అర్థం కాక వెళ్ళిపోయింది.

కార్పెంటర్ అప్పటికే వచ్చి ఉన్నాడు. ఆరడుగుల మనిషి, చేతిలో డ్రిల్లు. మేనేజర్ మేడమ్ ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏం తమ్ముడూ, ఎక్కడ కొట్టమంటావ్?" అన్నాడు కార్పెంటర్.

"కొట్టొద్దన్న చోట తప్ప ఎక్కడైనా కొట్టన్నా," అన్నాను, ధీమాగా.

ఆమె ఫోటో చూసి అంకెలు చెబుతుంటే నేను కొలిచి టైల్సు మీద పెన్సిల్ గీతలు గీశాను. ఆమె వెనకాలే నేను పెట్టె జరుపుతూ, వైరు ఎవరి కాలికీ తగలకుండా ఆమె కాలితో తోస్తూ, గోడ వెంట అలా నడిచాం. "ఇంకొంచెం ఎడమకి. అయ్యో, నా ఎడమ కాదు, మీ ఎడమ." "మనిద్దరం ఒకే వైపు తిరిగి ఉన్నాం కదండీ, రెండు ఎడమలెక్కడివి?" "ఓహో, లెక్కలు కూడా వచ్చా!" ఇలా సాగింది. గీతలు లేని చోట కార్పెంటర్ డ్రిల్లు దింపుకుంటూ వచ్చాడు. అరలన్నీ చక్కగా ఎక్కాయి. ఆ పొద్దుటి పూట అలా సాయంత్రం దాకా సాగితే బాగుండుననిపించింది.

చివరికి మిగిలింది పసిపిల్లల స్నానాల గది. నేను అన్నిటికంటే ఎక్కువ మలుపులు తిప్పిన గోడ అదే. ఆమె ఆ ఫోటో కోసం వేలు జరపబోయింది. చిటుక్కుమంది. సన్నటి పొగ. కాలిన వాసన. స్క్రీన్ ఆరిపోయింది.

ఆమె వైర్లు పీకేసింది. మళ్ళీ పెట్టింది. పెట్టె మీద అంకెలు కదల్లేదు.

"పోయింది," అంది మెల్లగా. "ఇక లేవదు."

"ఒక్క గోడేగా," అన్నాడు కార్పెంటర్. "ఉజ్జాయింపుగా చెప్పు తమ్ముడూ. నాకు మధ్యాహ్నం ఇంకో పనుంది."

కళ్ళు మూసుకున్నాను. ఆ గోడ తెరిచి ఉన్నప్పుడు ఎలా ఉందో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. మలుపు కిటికీకి ముందా, వెనకా? వేడి నీళ్ళ లైను పైదా, కిందిదా? ఒకసారి ఇలా, ఒకసారి అలా అనిపిస్తోంది. వేలు ఎక్కడో అక్కడ పెట్టేస్తే ఈ పూటకి గండం గడుస్తుందేమో. గడవకపోతే?

"బాబూ," అంది మేడమ్, "తెలుసా, తెలీదా?"

"తెలీదు మేడమ్," అన్నాను. "కాగితం మీద గీయమన్నారు. గీయలేదు. తప్పు నాదే. ఊహించి చెప్పి గోడ పాడుచేయలేను. ఈ గది ఇవాళ ఆపేయండి. నేనే టైల్సు ఊడదీసి చూసి, మళ్ళీ నా ఖర్చుతో వేయిస్తాను. తర్వాత నాకు పని ఇవ్వకపోయినా సరే."

మేడమ్ పెదవి బిగించింది. నేను నేల వైపు చూస్తున్నాను. కన్నీళ్ళు వస్తాయేమోనని భయం. ఆసుపత్రిలో అందరూ ఏడుస్తారు కానీ ప్లంబర్ ఏడిస్తే బాగోదు.

"మేడమ్," అంది ఆమె. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, అంత చిన్నది. "మీ ల్యాప్‌టాప్ ఒక్కసారి ఇస్తారా?"

చేతి సంచిలోంచి ఏదో తీసింది. పెన్ డ్రైవ్. మొహం ఎర్రగా కందిపోయింది. ల్యాప్‌టాప్‌కి తగిలించి, నా వైపు చూడకుండా రెండుసార్లు నొక్కింది.

నా పైపులు. అన్నీ. వరసగా.

"ఇవి... బయటికి రావన్నారుగా?" అన్నాను.

"వచ్చాయి."

"ఎప్పుడు?"

"నిన్న మధ్యాహ్నమే."

"వైఫై చచ్చిపోయిందన్నారు?"

"బతికే ఉంది. ఇప్పుడే చచ్చింది."

"మరి నిన్ననే ఈ పెన్ డ్రైవ్ నా చేతిలో పెట్టేస్తే సరిపోయేదిగా? ఈ పెట్టె, ఈ వైర్లు, మీరు ఇంత దూరం..."

ఆమె చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది. కార్పెంటర్ డ్రిల్లు కింద పెట్టి నడుం మీద చేతులు వేసుకున్నాడు.

"తమ్ముడూ, నిజం చెప్పు. నువ్వు నిజంగానే ఇంత అమాయకుడివా, లేక నటిస్తున్నావా?"

"ముందు గోడ సంగతి చూడండి," అంది మేనేజర్ మేడమ్, నవ్వు దాచుకోలేక. "మిగతా సంగతి తర్వాత తీరిగ్గా చూసుకోండి."

కొలిచాను. గీశాను. మలుపు కిటికీకి ముందే ఉంది. నేను ఊహించి వేలు పెట్టి ఉంటే సరిగ్గా పైపు మీదే పెట్టేవాణ్ణి. కార్పెంటర్ నా గీతకి జానెడు దూరంలో డ్రిల్లు ఆనించాడు. గదిలో అందరం ఊపిరి బిగపట్టాం. డ్రిల్లు గర్రుమంది. ఇటుక పొడి జలజలా రాలింది. చుక్క నీరు రాలేదు.

"కింది అంతస్తు ఎప్పుడు మొదలుపెడతావ్?" అంది మేడమ్.

కారిడార్ చివర, కిటికీ దగ్గర ఆమె ఒక్కతే నిలబడి వైర్లు చుట్టుకుంటోంది. బయట వాన మళ్ళీ మొదలైంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"కోపమా?" అంది.

"దేనికి?"

"అబద్ధం చెప్పినందుకు. నీ పని పోతుందేమోనని భయమేసింది, చూస్తూ ఉండలేకపోయాను. లేకపోతే ఆ పెన్ డ్రైవ్ ఎప్పటికీ బయటికి తీసేదాన్ని కాదు." నువ్వు అంది. మీరు కాదు. నేను విన్నాను. "ఫోటోలిచ్చేస్తే నువ్వు థాంక్స్ చెప్పి వెళ్ళిపోతావు. ఇంక ఏ వంకతో వస్తావు? ట్యాపు కూడా కారడం లేదు."

"నేనే ఇంకో ట్యాపు పాడుచేసేవాణ్ణి."

"గోడ లోపల ఏ పైపు ఎక్కడుందో ఫోటోలు తీసి మరీ తెలుసుకుంటావు. ఎదురుగా ఉన్న మనిషి సంగతి మాత్రం కార్పెంటర్ చెప్పాలి!"

"నాకు నిజంగా తెలీలేదు," అన్నాను. "నా సంగతి మాత్రం తెలుసు. నువ్వంటే నాకిష్టం. ఆ తెర జరిపిన నిమిషం నుంచీ ఇష్టం. చెబితే, అసలే టేపు చుట్టిన బుద్ధిమంతుడు, ఇదొకటా అంటావని చెప్పలేదు."

"అంటాను," అంది. "అని, సరే అంటాను."

కిటికీలోంచి జల్లు మా ఇద్దరి మీదా పడుతోంది. ఎవరమూ పక్కకి జరగలేదు.

షాపుకి తిరిగొచ్చేసరికి వాళ్ళ నాన్న మమ్మల్నిద్దర్నీ పై నుంచి కింద దాకా చూశాడు. నేను ముందే అనుకుని వచ్చాను, దాచకూడదని. చెప్పేశాను. మీ అమ్మాయంటే నాకిష్టమని, ఆమెకీ ఇష్టమేనని, మీకిష్టమైతేనే మాట కదులుతుందని, గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

ఆయన జేబులోంచి తన బటన్ల ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టాడు. దాని మీద సగం అంకెలు చెరిగిపోయి ఉన్నాయి.

"చూశావా? దీని బటన్లు మార్చమ్మా అని ఎన్నాళ్ళ నుంచి అడుగుతున్నానో. 'లైన్లో ఉండు నాన్నా' అంటుంది. కన్నతండ్రిని లైన్లో నిలబెట్టిన పిల్ల, నీ కోసం సొంత ఫోన్ విప్పేసింది. ఇంక నన్నడగడానికేముంది?" కళ్ళు తుడుచుకున్నాడు. "మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరు?"

"మా అమ్మండీ."

"అయితే మీ అమ్మగారితో మాట్లాడాలి. ఇదిగో, దీన్నుంచే చెయ్యి."

ఫోన్ అందుకున్నాను. బటన్ల మీద వేలు పెట్టాను. అలాగే ఉండిపోయాను.

"ఏమైంది?" అంది ఆమె.

"అమ్మ నంబరు..." అన్నాను. "గుర్తులేదు. పోయిన ఆ ఫోన్లోనే ఉండేది."

తండ్రీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. ఆమె గోడకి ఆనుకుని నవ్వలేక నవ్వుతోంది.

"ఇల్లు దగ్గరేనండీ, వెళ్ళి అమ్మనే తీసుకొచ్చేస్తాను," అని వానలోకి దిగాను. పది అడుగులు కూడా వేశానో లేదో, వెనక నుంచి పరుగు చప్పుడు వినబడింది. గొడుగు తెచ్చింది, కానీ తెరవలేదు.

"నేనూ వస్తాను," అంది.

ఈసారి ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు.